మావయ్య కారు, 1:36

అంబాసిడర్ కారు ఏదీ ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే రోడ్డు మీద తిరగలేదు. దేశం సంగతేమో గానీ, మా కృష్ణా జిల్లాలో మాత్రం తిరగలేదు. బెంగాల్లో ఉత్తరపారా ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చేది బాడీ, ఇంజను, నాలుగు తలుపులు. అక్కడితో సగం కారు. మిగతా సగం విజయవాడ ఆటోనగర్‌లో పుట్టేది. టాప్ మీద క్యారియర్ ఒకాయన వెల్డింగ్ చేసేవాడు. సీటు కవర్లు ఇంకొకాయన కుట్టేవాడు. వెనకద్దానికి కర్టెన్లు, ముందద్దం మీద ఆకుపచ్చ వైజరు, బంపరుకి అదనపు లైట్లు, డ్యాష్‌బోర్డు మీద దేవుడి పటం పెట్టుకునే స్టాండు, గేరు రాడ్డుకి కొత్త నాబు... ఎవరి తాహతును బట్టి వాళ్లకి. నంబరు ప్లేటు రాసే ఆర్టిస్టు చివర్లో వచ్చేవాడు. అంతా అయ్యేసరికి ఆ కారుకి ఒక మొహం వచ్చేది. అందుకే గుడివాడ స్టాండులో తెల్ల అంబాసిడర్లు అరడజను నిలబడి ఉన్నా, మావయ్యది ఏదో రోడ్డు అవతలి నుంచే చెప్పేసేవాళ్లం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కొంతకాలం క్రితం చుట్టాల పిల్లాడి పుట్టినరోజుకని ఫ్యాన్సీ షాపుకి వెళ్లి, వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే ప్లాస్టిక్ అంబాసిడర్ ఒకటి కొన్నాను. పిల్లాడికి వేరే బొమ్మ ఇచ్చి దీన్ని నేనే ఉంచుకున్నాను. తెల్లది. బానెట్ ఉబ్బు, వెనక డిక్కీ జారుడు, గుండ్రటి హెడ్‌లైట్లు, అన్నీ ఉన్నాయి. బల్ల మీద పెట్టుకుని చూస్తే మాత్రం ఎవరి కారూ కాదది. పెళ్లికి వెళ్లలేదు, తిరుపతి వెళ్లలేదు, మేకపిల్లని డిక్కీలో వేసుకుని రాలేదు. దాన్ని మావయ్య కారు చెయ్యాలంటే ఆటోనగర్ పనంతా మళ్లీ నేనే చెయ్యాలి. వెల్డరూ నేనే, సీటు కవర్లు కుట్టేదీ నేనే, ఆర్టిస్టూ నేనే.

మావయ్య ఆ కారు 1990లో కొన్నాడు. బ్యాంకు లోను కొంత, అత్తయ్య చంద్రహారం కొంత. డీజిల్ బండి, 1489 సీసీ ఇంజను. బలం 40 హార్స్‌పవర్‌కి లోపే. ఈ రోజుల్లో ఆ బలంతో తొమ్మిదిమందిని ఎక్కిస్తామంటే నవ్వుతారు. ముందు సీటు బల్లలాగా ఒకే సీటు కాబట్టి డ్రైవరు కాకుండా ఇంకో ముగ్గురు, వెనక ఐదుగురు, ఒళ్లో పిల్లలు లెక్కలోకి రారు. చలికాలం పొద్దున్నే తాళం తిప్పగానే స్టార్ట్ చేస్తే ఊరుకోదు. హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగాలి. ఆ కాసేపూ మావయ్య కళ్లు మూసుకుని ఆంజనేయస్వామి దండకంలో రెండు పాదాలు చదివేవాడు. భక్తో టైమింగో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. దండకం అక్కడికి రాగానే ఇంజను అందుకునేది.

పెళ్లిళ్ల సీజన్లో ఆ కారు ఇంటికి వచ్చేదే కాదు. కనకాంబరాల దండలు బానెట్ మీద అడ్డంగా కట్టి, అవి గాలికి ఎగరకుండా గమ్ టేపు వేస్తే, ఆ టేపు మరకలు పోగొట్టడానికి మర్నాడు కిరసనాయిలు గుడ్డ పట్టుకుని మేనల్లుళ్లం మేము తయారు. కూలీ ఏమిటంటే, స్టాండు దాకా ముందు సీట్లో కూర్చుని వెళ్లడం. తర్వాత 1994లో టాటా సుమో వచ్చింది, 1998 చివర్లో ఇండికా, 2000లో క్వాలిస్. పెళ్లివాళ్లు "ఏసీ ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ క్వాలిస్ వచ్చిన ఏడాదే మావయ్య కారు అమ్మేశాడు. కొన్నవాడు దాన్ని ఏం చేశాడో మాకు తెలీదు, మావయ్య తెలుసుకోనూ లేదు.

చేత్తో బండి చెయ్యడం మా తరానికి కొత్తేమీ కాదు. తాటికాయలు రెండిటికి కర్ర గుచ్చి తోసుకుంటూ ఊరంతా తిరిగినవాళ్లమే. అరిగిన హవాయి చెప్పు మీద మందుసీసా మూత పెట్టి, చుట్టూ బ్లేడుతో కోస్తే చక్రం. కొబ్బరి ఈనె ఇరుసు. అగ్గిపెట్టె బాడీ. దానికి పేరు అంబాసిడర్ అంటే అంబాసిడరే, లారీ అంటే లారీ. అప్పుడు కొలతలతో పని లేదు. ఇప్పుడు వయసు మీద పడ్డాక కొలతల పిచ్చి పట్టింది.

అసలు కారు పొడవు 4325 మిల్లీమీటర్లు. నా బొమ్మని స్కేలు పెట్టి కొలిస్తే 12 సెంటీమీటర్లు. అంటే ముప్పై ఆరో వంతు. ఈ ఒక్క లెక్క తేలాక ప్రపంచంలో ప్రతి వస్తువునీ 36తో భాగించి చూసే జబ్బు వచ్చింది. అన్నం తింటూ ఆవగింజని వేలి మీద పెట్టుకుని చూస్తే, మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర. ముప్పై ఆరు రెట్లు పెంచితే నిమ్మకాయ సైజు. పసుపు రంగు వేసి సన్న దారానికి అంటిస్తే ముందు బంపరుకి వేలాడే నిమ్మకాయ తయారు. మిరపకాయలకి చీపురుపుల్ల చివర్లు సరిపోయాయి.

ఈ లెక్కల్లో నాకు బాగా మత్తెక్కించింది హెడ్‌లైటు. బొమ్మకి లైటు ఉండాల్సిన చోట వెండి రంగు పూశారంతే. అసలు అంబాసిడర్ హెడ్‌లైటు ఏడంగుళాల గుండ్రం. ఏడంగుళాలంటే 178 మిల్లీమీటర్లు, 36తో భాగిస్తే 4.9. ఎలక్ట్రానిక్స్ షాపులో రూపాయికీ రెండ్రూపాయలకీ దొరికే మామూలు ఎల్ఈడీ బల్బు మందం ఎంత? 5 మిల్లీమీటర్లు! ఎవరో మన కోసమే చేసి పెట్టినట్టు. ఆ వెండి రంగు ఉన్న చోట సన్న డ్రిల్ బిట్‌ని చేత్తోనే తిప్పుతూ కన్నం పెట్టి, ఎల్ఈడీ తల మాత్రం కోసి, వెనక భాగం ఆకురాయితో చదును చేసి, దాని వెనక సిగరెట్ పెట్టెలో వచ్చే వెండి కాగితం అతికించి లోపలికి నొక్కాను. బండి నా వైపు చూసింది. వైర్లు ఇచ్చి వెలిగించొచ్చు కదా అని మావాడు అడిగాడు. వద్దన్నాను. మావయ్య బండి లైట్లు వెలిగినప్పుడు కూడా పెద్ద తేడా ఉండేది కాదు.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది క్యారియర్‌కి. నా దృష్టిలో అంబాసిడర్ టాక్సీకి ప్రాణం ఇంజను కాదు, టాప్ క్యారియరే. పరుపు చుట్టలు, ట్రంకు పెట్టెలు, పెళ్లి వంటలకి అద్దెకి తెచ్చిన గుండిగలు, సారె బుట్టలు, ఒకసారి ఒక కుట్టు మిషను. అన్నీ దాని మీదే. అసలుది నాలుగడుగుల పొడవు, మూడున్నర వెడల్పు. నా లెక్కలో 34 మిల్లీమీటర్లు, 30 మిల్లీమీటర్లు. రాడ్డు మందానికి మోటారు వైండింగ్ షాపులో 24 గేజు రాగి తీగ దొరికింది. వాళ్లు తూకానికి అమ్ముతారు. నాకు కావాల్సింది మూర. చేతిలో పెట్టి డబ్బులొద్దన్నారు.

ఆ తీగకి పైన కంటికి కనపడని ఎనామిల్ పూత ఉంటుంది. దాన్ని బ్లేడుతో గీకకపోతే టంకం పట్టదు, ముత్యంలా జారిపోతుంది. ముందు తీగని రెండు చివర్లా పట్టకార్లతో పట్టుకుని ఒక్క గుంజు గుంజితే సాగి బాణంలా తిన్నగా అవుతుంది. తర్వాత సన్‌మైకా ముక్క మీద గళ్ల కాగితం అతికించి, క్యారియర్ నక్షా గీసి, నిలువు తీగలూ అడ్డ తీగలూ గీతల మీద పెట్టి టేపు వేశాను. ఇక్కడిదాకా హాయి. టంకం వేడికి రాగి మహా చురుకు. ఒక కీలు అతికించి పక్క కీలుకి వెళ్లేసరికి ఆ వేడి తీగ వెంట పాకి, ఇందాకటి కీలు ఊడుతుంది. దీనికి మందు తడి దూది. అతికిన ప్రతి కీలు మీదా ఒత్తికి నలిపినంత తడి దూది పెట్టి పక్కదానికి వెళ్లాలి. వేడి అక్కడిదాకా వచ్చి చుయ్‌మని చల్లారిపోతుంది. టేబుల్ లైటు కింద భూతద్దం పెట్టుకుని కూర్చుంటే ఆ చిన్న చుయ్ వినడానికే ఇంకో కీలు వెయ్యాలనిపిస్తుంది. ఆటోనగర్లో వెల్డింగ్ షాపు ముందు నిలబడి "చూడకురా, కళ్లు పోతాయి" అని తిట్లు తింటూ వేళ్ల సందుల్లోంచి చూసిన నిప్పురవ్వలకి ఇది బుల్లి చెల్లెలు.

క్యారియర్ కాళ్లు టాపు మీద నిలబడవు. అవి టాపు అంచున వాననీళ్లు జారే గట్టరు మడతలో కొక్కేలతో పడతాయి. బొమ్మకి ఆ మడత పోతలోనే ఉంది, లోతు మాత్రం లేదు. సూదిని గాజుపలక మీద అరగదీసి ఉలిలా చేసి, ఆ గాడిని లోతు చేశాను. ఇప్పుడు క్యారియర్ తీసి పెట్టొచ్చు. మావయ్య కూడా పెళ్లికూతురిని తీసుకెళ్లే రోజు క్యారియర్ తీసేసేవాడు. పెళ్లి కారుకి క్యారియర్ ఉంటే అద్దె కారని తెలిసిపోతుందట.

సీట్లకి ప్లాస్టిక్ నచ్చలేదు. కొండపల్లి మాకు దగ్గరే కదా, బొమ్మల కాలనీకి వెళ్లి తెల్ల పొణికి చెక్క అడిగాను. కారు బొమ్మలో సీట్లకి అంటే ఆ పెద్దాయన ఎగాదిగా చూసి, చేసే పని ఆపి, వివరంగా అడిగి, ఓ ముక్క కోసి ఇచ్చాడు. ఎంత తేలికంటే చేతిలో ఉందో లేదో అనుమానం. మామూలు బ్లేడుకి తెగుతుంది. నడుం ఆనే చోట, కూర్చుని కూర్చుని పల్లం పడ్డ చోట చెక్కడం ఎంత సుఖమో చెప్పలేను. అంబాసిడర్ వెనక సీటు మధ్యలో కూర్చున్నవాడికి ఎప్పుడూ కొంచెం ఎత్తు, పక్కవాళ్లు పల్లంలోకి జారి ఉంటారు. ఆ ఎత్తు తేవడానికి మక్కు వాడాను. మక్కు అంటే చింతగింజల పొడీ, రంపపు పొట్టూ కలిపిన ముద్ద. కొండపల్లి బొమ్మకి చేతులూ కాళ్లూ అతికేది దాంతోనే. పెద్దాయనే కాస్త పొట్లం కట్టిచ్చాడు. ఎంసీల్ కంటే నిదానంగా ఆరుతుంది, అంచేత దిద్దుకోవడానికి టైమిస్తుంది. ఆరాక సన్న ఎమరీ పేపరుతో రుద్దితే చెక్కకీ దానికీ తేడా తెలియలేదు.

కర్టెన్ల దగ్గర చిక్కొచ్చింది. ఎంత పల్చటి గుడ్డయినా ఈ కొలతలో గోనెపట్టాలా నిటారుగా నిలబడుతుంది. మడతలు పడవు. గుడ్డకి బరువుంటేనే వేలాడుతుంది, చిన్న ముక్కకి ఆ బరువు ఎక్కణ్ణించి వస్తుంది? టిష్యూ కాగితం ఒక్క పొర విడదీసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, అగ్గిపుల్లల మీద ముడతలుగా పరిచి ఆరబెడితే అప్పుడు కర్టెన్ అనిపించింది. రంగు విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అమ్మ నీలం అంటుంది. అక్క మెరూన్ అంటుంది, పైగా ఆ కర్టెన్‌తో చీమిడి తుడుచుకున్నట్టు గుర్తుంది కాబట్టి తన మాటే చెల్లాలంటుంది. అత్తయ్యకి ఫోన్ చేస్తే రెండూ నిజమేనంది. ముందు నీలం, మాసిపోయాక అవే తీసి తన పాత చీర అంచు వేసి కుట్టిందట, అది మెరూన్. ఆవిడ మెషీన్ మీద కుట్టిన కర్టెన్లని ఆటోనగర్ ఖాతాలో వేసినందుకు నాకు రెండు చీవాట్లు కూడా పడ్డాయి. మెరూనే వేశాను.

ఇలా ఫోన్లు చేస్తుంటేనే తెలిసింది, మనం ఏళ్ల తరబడి ఎక్కి దిగిన వస్తువుని నిజంగా చూసింది ఎంత తక్కువో. వెనక తలుపు అద్దం తిప్పే హ్యాండిల్ ఎక్కడుంది, యాష్‌ట్రేలో మావయ్య ఏం పెట్టేవాడు (చిల్లర, ఏలకులు), అద్దానికి వేలాడే బొమ్మ చిలకా ఏనుగా... ఫొటోలు ఉన్నాయి గానీ, వాటిల్లో కారుకి ఆనుకుని నిలబడ్డ మా మొహాలే ఉన్నాయి. కారు ముక్కలుగా కనిపిస్తుంది. ఒక ఫొటోలో బంపరు, ఇంకో దాంట్లో పెదనాన్న చెయ్యి కింద హెడ్‌లైటు. ఆ ముక్కలన్నీ జమచేసి మొత్తం కారు కూర్చుకున్నాను.

నంబరు ప్లేటు నా వల్ల కాలేదు. రూలు ప్రకారం కారు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, నా కొలతకి 1.8. కంప్యూటర్లో ప్రింటు తీయొచ్చు, సులువే. కానీ ఆ రోజుల్లో ప్లేటు మీద రంగుతో చేత్తో రాసేవాళ్లు, ఒక్కో ఆర్టిస్టుది ఒక్కో వంపు. ఆరు అంకెకి తోక లోపలికి చుట్టి చుక్క పెట్టడం మా ఊరి ఆర్టిస్టు సంతకం. ప్రింటుకి ఆ తోక రాదు. గుడివాడలో ఒకప్పుడు సినిమా వాల్‌పోస్టర్ల బోర్డులూ, షాపు బోర్డులూ రాసి, ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గి ఇంట్లోనే ఉంటున్న ఒకాయన్ని పట్టుకున్నాను. ముందు కాగితం మీద పెద్దగా రాసిచ్చారు. దాన్ని ఫొటో తీసి తగ్గించుకోమన్నారు. మళ్లీ ఏమనుకున్నారో, ఉండమని లోపలికెళ్లి జీరో నంబరు బ్రష్షు తెచ్చి, దాంట్లోనూ నాలుగు వెంట్రుకలు ఉంచి మిగతావి కత్తిరించి, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, ప్లాస్టిక్ ముక్క మీద ‘ఏపీ 16’తో మొదలుపెట్టి మొత్తం నంబరు రాసేశారు. ఆరుకి తోక, తోకలో చుక్క. చెయ్యి వణకలేదు. లేచి నిలబడ్డాక వణికింది.

ఇక రంగు. ఈ మోడల్ కార్లు చేసేవాళ్ల వీడియోల్లో చివరి అంకం ఒకటి ఉంటుంది. వెదరింగ్ అంటారు. కొత్త బొమ్మకి తుప్పు మరకలు, మడ్‌గార్డు మీద బురద చిమ్మినట్టు చుక్కలు, పొగ మసి, గీతలు వేసి పాతదిలా చేస్తారు. బాగా చేసేవాళ్ల పని చూస్తే నిజంగా చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నేను మాత్రం ఒక్క మరక కూడా వెయ్యలేదు. తెల్లారుజామున లేచి బకెట్టు నీళ్లూ, పాత బనీనూ పట్టుకుని కారు తుడవనిదే కాఫీ ముట్టని మనిషి కారది. నల్లరేగడి నేల మీద తిరిగే తెల్ల కారుని తెల్లగా ఉంచడం ఎంత చాకిరీయో చేసినవాడికి తెలుసు. దాని మీద నేను కావాలని బురద చల్లితే ఆయన కష్టాన్ని వెక్కిరించినట్టే. ఎడమ వైపు వెనక మడ్‌గార్డుకి ఎద్దుల బండి తగిలి పడ్డ సొట్ట ఒకటి ఉండేది. అది పెట్టాలా వద్దా అని మాత్రం చాలా ఆలోచించాను. టింకరింగ్ చేయించి, రంగు కొట్టించినా ఎండలో ఏటవాలుగా చూస్తే తెలిసేది. చివరికి ఎమరీతో అక్కడ ఒక పొర ఎక్కువ అరగదీశాను. తెలిసినవాడికి తెలుస్తుంది.

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 2017లో ఆ పేరుని ఫ్రెంచి కంపెనీ ప్యూజో 80 కోట్లకి కొనుక్కుంది. ఆ వార్త చదివి వినిపిస్తే మావయ్య "పేరుకే 80 కోట్లా? నా బండి మొత్తం ఇస్తే నలభై వేలు రాలేదు" అన్నాడు. అదీ ఆయన ధోరణి.

పోయిన సంక్రాంతికి గుడివాడ తీసుకెళ్లాను. ఆయనకి ఇప్పుడు చూపు కొంచెం మందగించింది, కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టుకుని చూశాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ముందు తిరగేసి అడుగు భాగం చూశాడు. అక్కడ నేనేమీ చెయ్యలేదు, బొమ్మ కంపెనీ స్క్రూలే ఉన్నాయి. "సైలెన్సర్ లేదు" అన్నాడు. తర్వాత క్యారియర్‌ని గోరుతో కదిపి చూశాడు. టీ డికాక్షన్‌లో ముంచిన దారంతో దాని మీద పరుపు చుట్ట కట్టాను. ఆ ముడి చూసి, "ఇది బూటు లేసు ముడిరా. ఒంగోలు దాటేసరికి సామాను రోడ్డు మీదుంటుంది" అని, విప్పమన్నాడు. విప్పాను. అంత సన్న దారం ఆయన వేళ్లకి దొరకలేదు. మంచానికున్న నవారుతో ముడి ఎలా వెయ్యాలో చూపించాడు. లాగితే బిగిసే ముడి, కొస పట్టుకుని గుంజితే ఒక్కసారిగా వదిలేది. నేర్చుకుని పట్టకార్లతో అక్కడే వేశాను.

అప్పుడు నేల మీద పెట్టి, చేత్తో కొంచెం ముందుకి తోసి, వెనక చక్రం వైపు వంగి చూసి, "అడ్డు ఏదిరా?" అన్నాడు.

"అడ్డేంటి మావయ్యా?"

"చక్రం కింద అడ్డు. హ్యాండ్‌బ్రేకుని నమ్మి బండి వదిలేసి వచ్చేశావా? ముక్కోణం చెక్క, డిక్కీలో కుడి వైపు ఉండేది. వేపచెక్క."

వంటింట్లోంచి అత్తయ్య అందుకుంది. "చెక్కెక్కడిది? రాయి. మంగళగిరి కొండ దగ్గర ఏరుకొచ్చారుగా, నల్లరాయి."

"రాయి లారీలవాళ్లు పెడతారే. నేను చెక్క చేయించాను."

"చేయించింది తర్వాత. ముందు రాయే."

కర్టెన్ల లాగా ఇదీ రెండూ నిజమేమో అని సర్దబోయాను గానీ ఇద్దరూ ఒప్పుకోలేదు. మావయ్య అప్పటి క్లీనరు కుర్రాడికి ఫోన్ చేయించాడు, ఆ కుర్రాడికిప్పుడు మనవలున్నారు. అతనేమో ఇటుక ముక్క అన్నాడు.